మాట్లాడగలిగినంత వేగం

"ఆగు! ఎంత దూరం పరుగెత్తినా ఇవాళ నా చేతిలోంచి తప్పించుకోలేవు!"

ముందు పరుగెత్తుతున్న అమ్మాయి ఆగింది.

సాయిచరణ్ ఆగలేదు. ఆగుదామనే అనుకున్నాడు పాపం. కానీ మార్చి నెలాఖరు ఎండకు కరిగిన మంచు రాత్రికి రాత్రే మళ్ళీ గడ్డకట్టి, నది పక్క బాటను నిలువుటద్దంలా చేసిపెట్టింది. నిలువుటద్దం మీద నిలవడం ఎవరి తరం? జర్రున జారి, ఆమె పక్కనుంచే దాటి, ఎదురుగా ఉన్న బెంచీని ఆప్యాయంగా కావలించుకున్నాడు.

"ఎవర్ని తప్పించుకోలేవంటున్నరు?" అంది ఆ అమ్మాయి. శుభ్రమైన తెలుగులో.

కెనడాలో ఉండే తెలుగువాళ్ళకి ఒక మూఢనమ్మకం ఉంది. బయట ఎంత గట్టిగా తెలుగు మాట్లాడినా ఎవరికీ అర్థం కాదని. ఆ ధీమాతోనే బస్సులో పక్కవాడి బట్టతల గురించీ, షాపులో ముందు నిలబడ్డావిడ బండిలోని సరుకుల గురించీ ధారాళంగా వ్యాఖ్యానాలు చేస్తుంటారు. టోపీకీ మఫ్లర్‌కీ మధ్య రెండు కళ్ళు మాత్రమే కనిపించే మనిషి ఏ భాషదో ఎలా తెలుస్తుంది? కళ్ళకు యాస ఉండదు కదా!

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ! హీరోయిన్ని. అంటే, అంటున్నది నేను కాదు, విలన్."

"ఏ విలన్?"

"నా నవల్లో విలనండీ. నవల రాస్తున్నాను."

"ఉరుక్కుంటనా?"

"డిక్టేషనండీ. నేను చెప్తుంటే ఫోన్ టైప్ చేసుకుంటుంది." సాక్ష్యంగా చెవిలోంచి ఇయర్‌బడ్ పీకి చూపించాడు.

ఆమె ఆ ఇయర్‌బడ్ వంకా, బెంచీ వంకా, మనిషి వంకా వరసగా చూసింది. "దానికి హీరోయిన్ ఏమంటది?"

"అదే తెలీడం లేదు. అందుకే ఆ సీన్ దగ్గరే తిరుగుతున్నా."

"ఏమనదు. పోలీసులకు, నైన్ వన్ వన్‌కి కొడ్తది. నేను గూడ గదే కొట్టబోయిన." ఫోన్ జేబులో పెట్టేసి, అద్దం లాంటి ఆ బాట మీద అడుగు తడబడకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

సాయిచరణ్ బెంచీని వదల్లేదు. ఆ మాటను కూడా వదల్లేదు. అక్కడే నిలబడి ఫోన్‌కి చెప్పేశాడు. సీన్ పూర్తయింది.

*

అంటారియోలోని లండన్‌లో ఉంటున్నాడు సాయిచరణ్. ఊరి పేరు లండన్, నది పేరు థేమ్స్. తెనాలిలో వాళ్ళమ్మ "మావాడు లండన్లో ఉన్నాడు" అని చెప్పి, మిగతా సగం చెప్పకుండా ఊరుకోవడానికి ఎంతో వీలైన ఊరు.

పగలంతా ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మిగిలిన టైములో నవల. నాలుగేళ్ళుగా రాస్తున్నాడు. జనవరిలో ఎవరో "నీకు వ్యాయామం లేదు" అన్నారని మారథాన్‌కి పేరిచ్చేశాడు. పేరులో చరణం ఉంది కదా అని దిగాడు గానీ, పల్లవి దగ్గరే ఆయాసం వచ్చింది. పాదాలు కదిలిన రోజున పదాలు కదలవు. పదాలు కదిలిన రోజున పాదాలు కదలవు. ఇక తీరిక అంటారా, అది తీరని కోరిక. అందుకే కంప్యూటర్లో రంగురంగుల టైమ్‌టేబుల్ వేసుకున్నాడు. ఆఫీసుకు బూడిద రంగు, పరుగుకు ఎరుపు, నవలకు నీలం, విశ్రాంతికి పచ్చ. పచ్చగడి వారానికి ఒక్కటే. అందులోనూ బట్టలు ఉతుక్కునేవాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న, ఊళ్ళో బూట్ల షాపువాళ్ళు నడిపే పరుగు క్లాసుకు వెళ్ళాడు. అక్కడ వేగాన్ని బట్టి గుంపులు. ఒక్కో గుంపుకి ముందు ఒక మనిషి. వాళ్ళ నెత్తిన రెండు పొడుగాటి చెవులు, చేతిలో కర్రకి కట్టిన బోర్డు. పేస్ బన్నీలు, అంటే వేగం చూపించే కుందేళ్ళు అంటారట. బోర్డు మీద ఎన్ని గంటలుంటే సరిగ్గా అన్ని గంటలకు గమ్యం చేర్చడం వాళ్ళ పని. ముందూ కాకూడదు, వెనకా కాకూడదు.

నాలుగున్నర గంటల గుంపు దగ్గర కుందనపు బొమ్మలాంటి కుందేలు నిలబడి ఉంది. ఈసారి మఫ్లర్ లేదు గానీ, కళ్ళు అవే.

"బెంచీ బాగున్నదా?" అంది.

"బెంచీకేం తగల్లేదండీ. అంతా నాకే తగిలింది."

"నిఖిల" అంది నవ్వుతూ. "మాది హన్మకొండ."

కోచ్ గ్వెన్ అరవై దాటిన మనిషి. పరుగంటే ఆవిడకు ఒకటే సూత్రం. ఆదివారాల పొడుగు పరుగులో పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉండాలి. మాట రావడం లేదంటే వేగం ఎక్కువైందని లెక్క. మాట్లాడని వాళ్ళని వెనకనుంచి కేకలేస్తుంది.

ఇంతకంటే మంచి నియమం సాయిచరణ్ జన్మలో వినలేదు. అమ్మాయితో మాట్లాడమని పెద్దవాళ్ళే కేకలేస్తున్నారు!

*

ఆదివారాలు గడిచాయి. మంచు పోయి వాన వచ్చింది, వాన పోయి ఎండ వచ్చింది. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది.

వారమంతా రాసింది ఆదివారం పరుగులో నిఖిలకు చెప్పేవాడు. ఆమె వినేది. విని ఊరుకునేది కాదు.

"ఆగాగు. నీ హీరోయిన్ వానలో బస్టాప్‌ల ఎప్పటిసంది నిలబడ్డది?"

"ఆరో చాప్టర్ నించి."

"ఇప్పుడు?"

"పదకొండు."

"నిమోనియా వస్తది. బస్సన్న పంపియ్యి, లేకుంటే గొడుగన్న పంపియ్యి."

"ఆ వాన ఆమె మనసులోని..."

"మనసులది మనసుల ఉంచు. పొల్లకు తడిబట్టలు మార్పియ్యి ఫస్టు."

ఆ వారం హీరోయిన్ బస్సెక్కింది. నవల కూడా కదిలింది.

నిఖిల ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తుంది. మోకాలి ఆపరేషన్ అయిన వాళ్ళని మళ్ళీ నడిపించడం ఆమె పని. మంచం దిగనని మొండికేసిన తాతయ్యలు ఆమె నవ్వుతూ చెయ్యి చాపితే దిగుతారట. సాయిచరణ్ ఆ మాట వెంటనే నమ్మాడు. మోకాళ్ళకేం కాకపోయినా తనకూ అలాగే ఉంది.

రాసిన చాప్టర్లని ప్రింటు తీసి ఇంటి ఓనరు అమరేశ్వరరావు గారికి ఇస్తుండేవాడు. ఆయన పైఅంతస్తులో ఉంటాడు. సాయిచరణ్ బేస్‌మెంట్‌లో. ఆయనే ఆ నవలకు మొదటి పాఠకుడు. చివరి పాఠకుడు కూడా.

"ఏవోయ్ చరణ్, ఈ మధ్య నీ హీరోయిన్‌కి నోరొచ్చిందే!" అన్నాడు ఒకరోజు.

"బాగుందా అంకుల్?"

"ఆవిడ బాగుంది. హీరోగాడే ఇంకా దద్దమ్మలా ఉన్నాడు."

*

ఆగస్టులో ఒక శనివారం నిఖిల ఫోన్ చేసింది. "పోర్ట్ స్టాన్లీ పోదాం వస్తవా? బీచ్‌ల కూసుందాం."

"కూర్చుని?"

"కూసునుడే."

"శనివారం మధ్యాహ్నం నీలం గడి. ఇరవయ్యో చాప్టరు..."

"చరణ్, రెస్టు గూడ ట్రైనింగే. అది మొక్కుబడికి చేసేది కాదు. వస్తవా, రావా?"

వెళ్ళాడు. ఆమే కారు నడిపింది. ఏరీ సరస్సుకి అవతలి ఒడ్డు కనపడదు గనుక, దాన్ని సముద్రమనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇసుకలో తువ్వాలు పరుచుకుని, కాగితం పొట్లంలో వేడివేడి ఫ్రైస్ మీద వెనిగర్ చల్లుకుని తిన్నారు. ఒక సీగల్ పక్షి వచ్చి సాయిచరణ్ చేతిలోది ఎగరేసుకుపోయింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవలా గుర్తు రాలేదు, మారథానూ గుర్తు రాలేదు. పచ్చగడి అంటే ఇదన్నమాట అనుకున్నాడు.

నవ్వు ఆగాక నిఖిల నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది.

"నీకొకటి చెప్పాల్నా?" అంది. "ఎవరికీ చెప్పలే."

"చెప్పు."

"అక్క పెళ్ళయ్యేదాక ఆగు అన్నరు, ఆగిన. ఇక్కడ ఉండిపోయేటందుకు పీఆర్ వచ్చేదాక ఆగు అన్నరు, ఆగిన. అప్పటిదాక ఆగనని ఒకతను సంబంధం ఒద్దనుకున్నడు. గదానికీ సరే అన్న. ఆస్పత్రిల పేషెంట్ ఎంత నడిస్తే అంత నడుస్త. ఆదివారం మీరు ఎంత ఉరికితే అంత ఉరుకుత. అందరు నన్ను మంచి బన్నీ అంటరు." ఒక గులకరాయి తీసి నీళ్ళలోకి విసిరింది. "నా వేగమెంతనో నాకు తెల్వదు చరణ్."

ఇక్కడ సాయిచరణ్ ఏమీ అనకపోయినా సరిపోయేది. ఆమె చేతిమీద చెయ్యి వేసినా సరిపోయేది. కనీసం ఫ్రైస్ పొట్లం ఆమె వైపు జరిపినా బాగుండేది.

"అబ్బ! అదిరింది!" అన్నాడు. ఫోన్ తీశాడు. "ఒక్క నిమిషం... 'నా వేగమెంతో నాకు తెలియదు'... ముందేమన్నావ్? అందరూ నన్ను...?"

నిఖిల అతని వైపు తిరిగింది. అతని బొటనవేలు ఇంకా టైప్ చేస్తూనే ఉంది.

"ఏమనలే" అంది.

అప్పుడు తలెత్తి చూశాడు. ఆమె అప్పటికే తువ్వాలు దులుపుతోంది. దులిపిన ఇసుకంతా సాయిచరణ్ మీద పడింది. ఆమె సారీ చెప్పలేదు, అతను అడగలేదు.

లండన్ దాకా కారులో జీపీఎస్ ఒక్కటే మాట్లాడింది.

*

"సారీ" అని మెసేజ్ పెట్టాడు. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. మన ఊళ్ళో ఎండలకు థమ్సప్ చల్లబరుస్తుంది. ఈ థమ్సప్ గడ్డకట్టించింది.

ఆదివారం పరుగులో మామూలుగానే వచ్చింది. అదే చెవులు, అదే బోర్డు. కానీ పక్కన కెవిన్ అనే లెక్కల టీచరుతో హాకీ గురించి మాట్లాడుతూ పరుగెత్తింది. సాయిచరణ్‌కు దక్కింది "వాటర్ తాగండి" అన్న ఒక్క మాట. అదీ గుంపు మొత్తానికి చెప్పింది. వెనకనుంచి గ్వెన్ కేకేసింది, "చరణ్, నువ్వు మాట్లాడటం లేదు! వేగం తగ్గించు!" తగ్గించాల్సింది వేగం కాదని ఆవిడకెలా చెప్పడం?

ఇరవయ్యో చాప్టరు మాత్రం పూర్తయింది. అమరేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏవోయ్, ఈ పేజీ అద్భుతంగా ఉంది. కానీ ఇది నువ్వు రాసింది కాదు."

"అదేంటంకుల్?"

"నాలుగేళ్ళుగా చదువుతున్నాను నిన్ను. నీకింత చిన్న వాక్యం రాయడం రాదు. ఎవరిదిది?"

సాయిచరణ్ లేచాడు. ఆ పేజీ ఆయన చేతిలోంచి తీసుకుని చింపేశాడు. కిందికి వెళ్ళి కంప్యూటర్లోంచి కూడా తీసేశాడు. అది లేకపోతే చాప్టరు నిలబడలేదు, కూలిపోయింది. కూలితే కూలిందిలే అనుకున్నాడు. నాలుగేళ్ళలో నవల గురించి అలా అనుకోవడం అదే మొదటిసారి.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ రాసేవాడికి ఒక జబ్బుంటుంది. కథ చెడితే తనే బాగుచెయ్యాలనుకుంటాడు. గ్వెన్ దగ్గరికి వెళ్ళి, నిఖిల ఎప్పుడూ ఇతరుల వేగంతోనే పరుగెత్తుతోంది, మారథాన్‌లోనైనా ఆమెను సొంతంగా పరుగెత్తనివ్వండి అని బతిమాలాడు. గ్వెన్‌కి ఆ మాట నచ్చింది. కెవిన్ ఆ చెవులు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం బేస్‌మెంట్ తలుపు దబదబా మోగింది.

"నన్ను అడిగినవా?" అంది నిఖిల, గడపలోనే నిలబడి.

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"గ్వెన్ నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నది చరణ్! 'నీకు ఇంత బాధున్నదని నాకు తెల్వదమ్మా' అని. నేను నీకు చెప్పుకున్న మాట నువ్వు ఆవిడకెట్ల చెప్తవు?"

"నీకోసమే కదా నిఖిలా..."

"నేను నీకు చెప్పుకున్న. నీకు అప్పజెప్పలే! నవల్ల అందరికి నువ్వే రాస్తవు. బస్టాప్‌ల నిలబెడ్తవు, బస్సెక్కిస్తవు. బయట గూడ నువ్వే రాస్తవా? నాకు ఏం కావాల్నో నేను చెప్పకముందే నువ్వు డిసైడ్ చేస్తె, ఇగ వాళ్ళకు నీకు ఫరకేంది?"

వాళ్ళు ఎవరో చెప్పనక్కర్లేదు. ఆగమన్నవాళ్ళు. సాయిచరణ్ దగ్గర చాలా సమాధానాలున్నాయి, కొన్ని చాలా అందమైనవి కూడా. ఒక్కటీ పనికిరాదని తెలిసిపోయింది.

"తప్పే" అన్నాడు. "గ్వెన్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పనా? లేకపోతే చెప్పకుండా ఉండనా? నువ్వేం చెప్తే అది."

నిఖిల తలుపు వదిలి గోడకు ఆనుకుంది.

"ఉండనియ్యి" అంది చివరికి. "సొంతంగనే ఉరుకుత. నువ్వు చెప్పినవని కాదు. నాకు చూడాలనిపిస్తున్నది."

"సరే."

ఇంకేదో అంటాడని చూసింది. అనలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి వినడమన్నది ఇష్టాయిష్టాలతో పనిలేని వ్యవహారం. పైన ఎవరు దగ్గినా హీటర్ గొట్టంలోంచి కిందికి వినిపిస్తుంది. మెట్ల పైన ఆమెను ఆపిన అమరేశ్వరరావు గారి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఆ వాక్యం నీదేనా అమ్మా?"

"ఏ వాక్యం అంకుల్?"

"నా దగ్గర లేదు తల్లీ. చేతిలోంచి లాక్కుని చించేశాడు. కంప్యూటర్లో కూడా లేదట. వాడు రాసిన వాటిలో బాగున్న పేజీ అదొక్కటే. మహానుభావుడు, దాన్నే చించాడు. మిగతావి చించినా బాగుండేది. కాఫీ తాగుతావా?"

నిఖిల కాఫీ తాగిందో లేదో వినపడలేదు. కింద సాయిచరణ్ చెవులు మూసుకుని కూర్చున్నాడు. వినకూడనిది వినకపోవడం ప్రాక్టీసు చేస్తున్నాడు.

*

సెప్టెంబరు చివర్లో మారథాన్ రోజు వచ్చింది. ఆకాశం తేటగా ఉంది. మేపుల్ చెట్ల కొసలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. బయల్దేరే చోట నిఖిల చాలా ముందు వరసలో ఉంది, నెత్తిమీద చెవుల్లేకుండా. సాయిచరణ్ పిలవలేదు. ఫోన్ అమరేశ్వరరావు గారికిచ్చి వచ్చాడు. జేబులో రెండు అరటిపళ్ళు మాత్రం ఉన్నాయి.

మొదట్లో అంతా బాగుంది. కెవిన్ చెవుల వెనకే పరుగెత్తాడు. సగం దాటాక చెవులు కాస్త దూరమయ్యాయి. తర్వాత బోర్డు చిన్నదైంది. ఆ తర్వాత కెవిన్ హాకీ కబుర్లు కూడా వినపడటం మానేశాయి. చివరి భాగానికి వచ్చేసరికి కుడి పిక్క పట్టేసింది. ఎడమ పిక్క కుడిదానికి సంఘీభావం ప్రకటించింది. పరుగు పందెం కాస్తా పరువు పందెమైంది. పరుగు ఆగి నడక, నడక ఆగి కుంటుడు. పక్కనుంచి ఒక ముసలమ్మ "గుడ్ జాబ్, డియర్!" అంటూ దాటిపోయింది.

ఎదురుగా ఎవరో వస్తున్నారు. అందరూ ముందుకు పోతుంటే ఈ మనిషి మాత్రం బాట అంచున వెనక్కి నడిచొస్తోంది. భుజాల చుట్టూ తళతళలాడే వెండికాగితం లాంటి దుప్పటి, మెడలో మెడల్. జుట్టంతా చెదిరిపోయి ఉంది. మొహం మీద చెమట ఆరి ఉప్పు తేలింది. సాయిచరణ్ ఆ మొహాన్ని అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. పోలికేదైనా చెబుదామంటే ఒక్కటీ తట్టలేదు.

"అయిపోయిందా?" అన్నాడు. అనడానికి మూడు శ్వాసలు పట్టింది.

"ఎప్పుడో! బోర్డు మీద రాసేదాని కంటే ఎంత ముందుగ పోయిన్నో తెలుసా? చివరికి నవ్వొచ్చింది చరణ్. ఒక్కదాన్నే నవ్వుకుంట ఉరికిన. పక్కోళ్ళు పిచ్చిదనుకున్నరు."

"గ్రేట్..."

"మాట్లాడకు. నడువు."

అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. పేషెంట్లని నడిపించే చెయ్యి కదా, ఎక్కడ పట్టుకోవాలో దానికి తెలుసు.

"ఇవాళ నీ వేగంతోనే నడుస్త" అంది. "ఎవరో నడవమన్నరని కాదు. నాకే నడవాలని ఉన్నది. ఫరకు తెలుస్తున్నదా?"

తలూపాడు.

నది పక్కన ఆ బాట మీద ఆమె ఇంకా చాలా చెప్పింది. మార్చి నెలలో బెంచీ దగ్గర మొదలుపెట్టి పోర్ట్ స్టాన్లీ మీదుగా ఆ క్షణం దాకా, తన మనసులో ఏమేం జరిగిందో ఒక్కొక్కటే చెప్పింది. సాయిచరణ్ ఒక్క మాటా అడ్డం వెయ్యకుండా విన్నాడు. ఆ మాటలు అతని నవలలోకి ఎక్కలేదు. ఈ కథలోకీ ఎక్కవు. అన్నీ విన్నాక సాయిచరణ్ "నాకూ అంతే" అన్నాడు. అతని జీవితంలో అతి చిన్న ప్రేమ డైలాగు అదే. అది చాలునన్నట్టు ఆమె అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అంతలో నిఖిల నడుం బెల్టులో ఫోన్ మోగింది. వీడియో కాల్.

"అమ్మ! కూతురు ఉరుకుతున్నదని నిద్రపోకుండ కూసున్నది." ఎత్తింది. "అమ్మా, అయిపోయింది! ఇగో మెడల్!"

"మంచిది బిడ్డా, మంచిది! కాళ్ళు మంచిగున్నయా?" హన్మకొండ గొంతు గలగలలాడింది. అంతలో ఆగింది. "పక్కకు ఎవరే ఆ పిలగాడు?"

సాయిచరణ్ నోట్లో అరటిపండు ఉంది. నమస్కారం పెడదామని రెండు చేతులూ ఎత్తబోయాడు. ఆమె భుజం మీది చెయ్యి తీసేసరికి మనిషి పక్కకు ఒరిగాడు. నిఖిల గబుక్కున పట్టుకుంది.

"ఏందే గట్ల ఊగుతుండు? తాగిండా?"

"తాగలేదమ్మా, ఉరికిండు. చరణ్ అని. తెనాలాయన."

సాయిచరణ్ అరటిపండు మింగాడు. మింగిన చప్పుడు హన్మకొండ దాకా వినిపించి ఉంటుంది.

"ఏం జేస్తడు?"

"ఇన్సూరెన్స్ కంపెనీల జాబ్. ఇంక నవల రాస్తడు. ఇంక ఇట్ల ఉరుకుతడు."

"గిన్ని పనులా! మరి మనుషులతోని మాట్లాడేటందుకు తీరుతదా?"

నిఖిల అతని వైపు చూసింది. ఈ ప్రశ్న నీదే, నువ్వే చెప్పుకో అన్నట్టు ఫోన్ అతని ముందుకు జరిపింది.

"తీరిక చేసుకుంటానండీ" అన్నాడు సాయిచరణ్, ఊపిరి కూడదీసుకుని. "ఇంతకుముందు నాకు తెలిసేది కాదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా."

ఆవిడ ఫోన్‌లోంచి అతన్ని తలనుంచి కాలిదాకా చూసింది. చెమట, ఛాతీకి పిన్నులతో గుచ్చిన నంబరు, మూతికి అంటుకున్న అరటిపండు. ఏ పెళ్ళిచూపుల్లోనూ ఏ పెళ్ళికొడుకూ ఇంత అధ్వాన్నంగా కనపడి ఉండడు.

"అబద్ధం చెప్పేటంత ఓపిక అయితే లేదు ఈ పిలగానికి" అంది ఆవిడ కూతురితో. "ముందుగాల కూసోబెట్టవే! నిలబెట్టి మాట్లాడిపిస్తున్నవు."

"కూసుంటే మళ్ళ లేవడమ్మా. ఇంక కొంచెం దూరం ఉన్నది. ఇద్దరం కలిసి పోతున్నం."

ఆవిడ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"సరే" అంది ఆవిడ. గొంతు మెత్తబడింది. "పైలంగ పోర్రి. మీ నాయన లేచినంక నేను చెప్త తీ. నువ్వు ముందు ఆ పిలగానికి మంచినీళ్ళు తాపియ్యి."